చేయి వణికితే పడేసెయ్

తోసేశాను. నా ముందున్న పందెం బిళ్లలు, చిప్సన్నీ రెండు చేతులతో పోగుచేసి బల్ల మధ్యకి తోసేశాను, ఇక నేను చేయగలిగిందేమీ లేదు, నోరు మూసుకుని కూర్చోవడమే. ఎదుటి కుర్చీలో వెల్డా ఆలోచిస్తోంది, ఆలోచించనీ పాపం, నా పందేనికి కాల్ అని ముక్కలు తిప్పితే ఇద్దరిలో ఒకరం మునుగుతాం, పడేస్తే కుప్పంతా నాది. పాపం అన్నానా? ఛీ, ఆ మాట ఇవాళ నా నోట రాకూడదు. బయట జూన్ ఎండ, కారు తలుపు పట్టుకుంటే చేయి కాలే ఎండ, లోపల మాత్రం కోటు లేనిదే కూర్చోలేని చలి, లాస్ వేగస్‌లో పుట్టిపెరిగినవాడికి ఈ రెండు కాలాలే తెలుసు. హాలునిండా ముసలివాళ్లం, మాకోసమే విడిగా పెట్టే పోకర్ పోటీ ఇది, వందల చేతుల్లో చిప్సు ఒకదానికొకటి తగిలే చప్పుడు చిమ్మెటల రొదలా ఆగకుండా వినిపిస్తూ ఉంటుంది. బల్ల మధ్యలో అందరికీ ఉమ్మడిగా పరిచిన ఐదు ముక్కలు, ఇస్పేటు రాణి, ఆఠీను తొమ్మిది, ఆఠీను నాలుగు, కళావరు రెండు, చిట్టచివర ఇప్పుడే పడిన ఆఠీను ఏడు. మూడు ఆఠీన్లు. చేతిలో ఇంకో రెండు ఆఠీన్లు దాచుకున్నవాడిదే పైచేయి. నా దగ్గర బోర్లా పడుకున్నవి ఇస్పేటు రాజు, ఇస్పేటు జాకీ. పది వస్తే వరస కుదిరేది, రాలేదు, బల్ల మీద దేనితోనూ వాటికి చుట్టరికం లేదు. అంటే నా దగ్గర ఏమీ లేదు, బుకాయించాను. ఉన్నదంతా పెట్టి బుకాయించాను, అదీ వెల్డాని. ఇదిగో మొదలుపెట్టింది నా కుడిచేయి, బల్ల అంచు మీద తనపాటికి తాను, బొటనవేలు చూపుడువేలు కలిసి కనపడని మాత్రని నలుపుతున్నట్టు. మూడో కుర్చీలోని ఓక్లహోమా బక్ చూశాడు, చూసి తన ముక్కలు ఎప్పుడో పడేసినందుకు దేవుడికి దండం పెట్టుకున్నట్టు పైకి చూశాడు. "అయిపోయింది తల్లీ, వణుకుతోంది, పారిపో" అన్నాడు. ముక్కలు పంచే డీలరు పిల్ల, మై, చూపుడువేలు పెదవి మీద పెట్టింది, ఆట మధ్యలో వేరేవాళ్లు నోరెత్తకూడదు.

చేయి వణికితే పడేసెయ్. ఇది మా లోకంలో అందరికీ తెలిసిన మాట, వెల్డాకి చెప్పింది మాత్రం నేనే, ఫ్రీమాంట్ వీధికి రెండు సందుల అవతల ఇప్పుడు లేని ఆ హోటల్లో, గుడ్లూ వేయించిన బంగాళాదుంప తురుమూ తింటూ. అప్పుడు ఆమె జుట్టు ఎర్రగా ఉండేది, కొత్తగా ఆటలోకి వచ్చింది, సినిమాల్లో చూసినదే నిజమనుకునేది, అబద్ధమాడేవాడు వణుకుతాడని. కాదే పిచ్చిదానా, అబద్ధమాడేవాడు కొయ్యబారిపోతాడు, ఊపిరి కూడా లెక్కపెట్టుకుని పీలుస్తాడు, ఎక్కడ దొరికిపోతానోనని మెడ కూడా తిప్పడు. మంచి ముక్కలు పడ్డవాడే వణుకుతాడు, వాడికి ఇక భయం లేదు, బిగబట్టిందంతా వదిలేస్తాడు, ఆ వదిలిందంతా వేళ్లలోకి వస్తుంది. పెద్ద పందెం తోసినవాడి చేయి వణికిందా, నీ దగ్గర ఏమున్నా సరే, పడేసి ప్రాణం దక్కించుకో. ఆమె ఫోర్కు గాల్లో ఆపి విన్నది. "అయితే మా ఆయన పెళ్లినాడు ఉంగరం తొడుగుతూ గజగజ వణికాడు, మంచి ముక్క పడిందనేగా?" అంది. కాఫీ ముక్కుల్లోకి పోయి చచ్చేంత దగ్గాను. ఆయన పోయాడు, ఆ హోటల్ని పడగొట్టి కార్లు పెట్టుకునే చోటు చేశారు. ఆమె జుట్టు ఇప్పుడు తెల్లగా, పొట్టిగా, కుర్రాడి తలలా ఉంటుంది. ఆ మాట మాత్రం ఆమె ఎన్నడూ మరిచిపోలేదు, ఆ ఒక్క మాటతో ఎంతమంది ఎదట ముక్కలు పడేసి బతికిపోయిందో ఆమెకే తెలియాలి.

కిందటేడు నాకు పట్టిందల్లా బంగారం. ఎక్కడ కూర్చున్నా గెలుపే. పందెం పెంచితే చాలు, చుట్టూ ముక్కలు టపటపా రాలిపోయేవి, నాకేం పట్టిందిరా ఈ అదృష్టం, బతుకంతా రాని ఆట అరవై ఏడో ఏట వచ్చిందా అనుకున్నాను. చేయి వణకడం నాకూ తెలుస్తూనే ఉంది. ముందు సిగ్గుపడ్డాను, ఇన్నేళ్లు ఆడినవాడి ఒళ్లు పసిపిల్లాడిలా నిజం కక్కేస్తోందేమిటని, చేతిని తొడకింద పెట్టుకుని కూర్చున్నాను, జేబులో పెట్టుకున్నాను. తర్వాత గమనించాను, మంచి ముక్కలున్నా లేకపోయినా వణుకుతోంది. మామూలు మనిషైతే ఏం చేస్తాడు, డాక్టరు దగ్గరికి పోతాడు. మాలాంటివాళ్లం ఏం చేస్తాం, చేతిని జేబులోంచి తీసి బల్ల మీద అందరికీ కనపడేలా పెడతాం. ఓరి దేవుడా, ఎంత గర్వపడ్డానో దాన్ని చూసుకుని! "డెల్ చేయి ఊగిందంటే నేను చర్చిలో ఉన్నట్టే, తలొంచుకుని కూర్చుంటా" అనేవాడు బక్, బల్లంతా నవ్వేది, నేనూ నవ్వేవాణ్ని. బతుకంతా ఇంటికప్పుల మీద ఏసీలు బాగుచేసిన చేతులివి, నూటపది ఫారన్‌హీట్ డిగ్రీల ఎండలో గోరంత మరను చీకట్లో తడుముకుని బిగించిన చేతులు, ఎన్నడైనా వణికాయా? అది కూడా తోచలేదు నాకు. చివరికి పేకముక్కల్లో రాణికీ జాకీకీ తేడా తెలియని నా భార్య కోరా పట్టుకుంది. పొద్దున వంటింట్లో కాఫీ పట్టుకెళ్తున్నాను, సాసరులో కప్పు టకటకలాడుతోంది, ఆమె కంటి ఆపరేషన్ పట్టీ కట్టుకుని కూర్చుని ఉంది, కనపడక విన్నది. "అదేం చప్పుడు?" అంది. అదా, మంచి ముక్కలు పడితే అలాగే వణుకుతుందిలే, మా ఆటలో అందరికీ తెలుసు అన్నాను. "మరి ఇక్కడ, కాఫీ దగ్గర, నీకేం ముక్కలు పడ్డాయి డెల్?" అంది. కప్పు దించాను, చప్పుడు ఆగింది, చేయి ఆగలేదు.

కంటి పట్టీతో కోరా కారు నడపలేదు, నన్ను నమ్మి ఒంటరిగా పంపలేదు, పంపితే ఆసుపత్రి దాటి నేరుగా పేకాటకి పోతానని ఆమెకి తెలుసు, అందుకని వెల్డాకి ఫోన్ చేసింది. వెల్డాయే నన్ను కారులో తీసుకెళ్లింది. అక్కడి కుర్ర డాక్టరు బొటనవేలూ చూపుడువేలూ కలిపి విడదీయమన్నాడు, త్వరగా, ఇంకా త్వరగా. ఎడమచేయి పిచ్చుక ముక్కులా ఆడింది, కుడిచేయి నాలుగుసార్లు ఆడి బద్ధకించింది. వరండాలో అటూ ఇటూ నడవమన్నాడు. నడిచాను. గోడకి ఆనుకుని నిలబడ్డ వెల్డా మొహం చూశాను, అప్పుడే తెలిసిపోయింది నాకు, డాక్టరు నోటితో చెప్పకముందే. ఆమె మొహం చదవడం నాకు తెలిసినంత బాగా నా చేతిని చదవడం నాకు తెలియలేదు. పార్కిన్సన్స్ అన్నాడు. మందులున్నాయన్నాడు, తగ్గదన్నాడు, మెల్లగా పెరుగుతుందన్నాడు, కుర్రాడైనా నేరుగా చెప్పాడు, అందుకు మెచ్చుకోవాలి. తిరుగుదారిలో వెల్డా, "నడిచేటప్పుడు నీ కుడిచేయి ఊగడం లేదు డెల్. పక్కనే నడుస్తాను రోజూ, ఒక్కసారీ చూడలేదు నేను" అంది, ఏడుస్తోందని తెలిసి కిటికీవైపు తిరిగాను. బల్ల దగ్గర ఎవరికీ చెప్పనంది. చెప్పొద్దు అన్నాను, అయితే నాకొక మాటివ్వు అన్నాను, నా మీద ఆడేటప్పుడు నాకు రోగం లేనట్టే ఆడు. ఆమె కళ్లు తుడుచుకుంది. "నిన్నా? నీ తోలు వలిచేస్తాను ముసలాడా" అంది. ఆ మాటకి నాకెంత హాయి కలిగిందో చెప్పలేను. డాక్టరిచ్చిన మందులకంటే ఆ మాటే నన్ను ఇన్ని వారాలు నిలబెట్టింది.

ఇంకా ఆలోచిస్తోంది. ఆమె ముక్కల మీద ఇత్తడి తొడుగుంది, వాళ్లమ్మ బట్టలు కుట్టేటప్పుడు వేలికి పెట్టుకున్నది. పొరపాటున డీలరు లాక్కుపోకుండా మాలో ప్రతివాడూ తన ముక్కల మీద ఏదో ఒక బరువు పెడతాడు, బక్ తుపాకీ గుండు పెడతాడు, నేను ఏసీలోంచి తీసిన నట్టు పెడతాను. వెల్డా తొడుగు సంగతి నాకొక్కడికే తెలుసు. ముక్కలు మామూలువైతే అది ఎక్కడ పడితే అక్కడ ఒరిగి ఉంటుంది. మంచివి పడితే, తనకే తెలియకుండా, వేలి కొసతో దాన్ని ముక్కల సరిగ్గా నడిమధ్యకి జరుపుతుంది. ఇన్నేళ్ల స్నేహంలో నేనామెకి చెప్పని సంగతి ఇదొక్కటే, చెబితే మానేస్తుందిగా, స్నేహం స్నేహమే పేకాట పేకాటే. ఇవాళ బల్ల మీద రాణి పడగానే తొడుగు నడిమధ్యకి వెళ్లి కూర్చుంది. ముందు పందెం పెంచిన తీరు, రాణి పడ్డాక ఏమీ ఎరగనట్టు మెత్తబడ్డ తీరు, అన్నీ కలిపి చదివాను. ఆమె చేతిలో రెండు రాణులు, బల్ల మీద ఒకటి, మూడు రాణులు. తెలిసే తోశాను! ఆఠీను ఏడు పడగానే నా రెండు చేతులూ నన్నడక్కుండానే కదిలాయి, ఎందుకు కదిలాయో తోసేశాక గాని తెలియలేదు. చదువు వెల్డా, నువ్వు నాలాగే చదువుతావు, మొదటినుంచి చదువు. నాకు నిజంగా రెండు ఆఠీన్లుంటే నాలుగో ముక్క పడ్డప్పుడు పందెం పెంచకుండా ఊరుకునేవాణ్నా? ఎన్నడైనా ఊరుకున్నానా? నా కథకి నడుమ బొక్కుంది, కోడిపిల్ల దూరేంత బొక్క, బక్‌కి కనపడదు, నీకు కనపడుతుంది. ఇంకెవడైనా ఈ పందెం పెట్టి ఉంటే ఈపాటికి కాల్ అని వాడి మొహాన మూడు రాణులు కొట్టేదానివి. కొట్టు. నన్ను ఇంటికి పంపు. కాల్ చేస్తే ఇద్దరి ముక్కలూ తిరగేయాలి, నా చెత్తంతా అందరికీ కనపడుతుంది, కనపడనీ, బక్ ఊరంతా టాంటాం వేయనీ, ముసలి డెల్ చేయి వణికించి బుకాయించాడని తిట్టనీ. తిట్టారంటే నన్నింకా ఆటగాడి కింద లెక్కేసినట్టే. రేపు కప్పు పట్టుకోలేను, ఎల్లుండి చొక్కా గుండీ పెట్టుకోలేను, అవన్నీ కోరా పెడుతుంది, పెట్టనీ, అక్కడ జాలి పడనీ, పెళ్లాం జాలికి నాకు సిగ్గు లేదు. ఈ బల్ల దగ్గర మాత్రం వద్దు. ఇక్కడ నన్ను ఓడించండి.

"ఏం తల్లీ, క్రిస్మస్ దాకా ఆలోచిస్తావా? గడియారం పెట్టండయ్యా" అన్నాడు బక్. ఎవరడిగినా పెట్టాల్సిందే, నల్లకోటు సూపర్‌వైజర్ వచ్చి వెల్డా పక్కన నిలబడి, నిమిషం టైమమ్మా, ఆ తర్వాత ముక్కలు చచ్చినట్టే అన్నాడు. నేను తొడుగుని చూస్తున్నాను, ఆమె బల్ల మధ్యలోని ముక్కల్ని చూస్తోంది, రాణి, తొమ్మిది, నాలుగు, రెండు, ఏడు, కళ్లు ఒక్కో ముక్క దగ్గర ఆగి ముందుకు పోతున్నాయి. అదీ, అలా చదవాలి, నేను నేర్పినట్టే చదువుతోంది. నాలుగో ముక్క దగ్గర ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్లీ ఆగింది. దొరికింది! బొక్క దొరికింది ఆమెకి, పెదవి కొసన నాకొక్కడికే కనపడే ఆ చిన్న సొట్ట పడింది, నా ఒళ్లంతా తేలికైపోయింది, కానీ అమ్మాయ్, కొట్టేసెయ్. అప్పుడు బక్ కుర్చీ కిర్రుమంది, ఆ చప్పుడుకో మరెందుకో ఆమె తలెత్తింది, నా చేతిని చూసింది. చేయి మంచి జోరు మీద ఉంది, భయానికో ఆశకో డాక్టరు చెప్పినట్టే ఇంకా ఎక్కువగా ఊగుతోంది, నా నట్టుకి తగిలి అది టిక్కు టిక్కుమంటోంది. ఆమె మళ్లీ ముక్కలకేసి చూడలేదు. ముక్కల్ని చూడటమే మానేసింది. చేతినే చూసింది, చొక్కా గుండీ ఒకటి తప్పి పెట్టుకున్నట్టున్నాను, దాన్ని చూసింది, తర్వాత నా మొహం చూసింది, ఆసుపత్రి వరండాలో గోడకి ఆనుకుని చూసిన చూపు. వద్దు వెల్డా. అలా చూడకు. కిందకి చూడు, ముక్కలు అక్కడున్నాయి. పది, తొమ్మిది, ఎనిమిది అంటున్నాడు నల్లకోటు. ఆమె తొడుగు తీసి అరచేతిలో మూసుకుని, రెండు ముక్కలూ బోర్లాగానే డీలరు వైపు జరిపింది.

పడేసింది. బల్లంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. "భలే పడేశావు తల్లీ, చదివావంటే నువ్వే చదవాలి! ముసలాడి దగ్గర ఆఠీన్లు నిండుగా ఉంటాయి" అని బక్ చప్పట్లు కొట్టాడు. మై కుప్పంతా నా వైపు తోసింది. దాన్ని పేర్చుకోవాలి కదా, రెండు చేతులతో పేరుస్తుంటే నల్ల చిప్సు మీద నల్లవి నిలబడవు, కూలిపోతాయి, మళ్లీ పేరుస్తాను, బల్లంతా ఓపిగ్గా ఎదురుచూస్తోంది. ఇంత పెద్ద కుప్ప నేను గెలిచి చాలాకాలమైంది. కళ్లు తుడుచుకున్నాను, ముసలివాడి కళ్లు ఎలాగూ చెమ్మగా ఉంటాయి గనక ఎవరూ పట్టించుకోలేదు.

విరామం గంట కొట్టారు. మరుగుదొడ్డి ముందు ముసలివాళ్ల వరస ఎంత పొడుగుంటుందో చెప్పక్కర్లేదు, నేను వరసలో నిలబడలేదు, నీళ్ల కుళాయి పక్కన గోడకి ఆనుకున్నాను. వెల్డానే వచ్చింది. "మంచి పందెం పెట్టావు" అంది, కుళాయికేసి చూస్తూ.

"ఏం పడేశావు?"

"ఒంటి రాణి. ఒంటి రాణితో నీ ఆఠీన్లని ఎక్కడ తట్టుకోను? ఆఠీన్లే కదా?"

"ఆఠీన్లే. మంచిపని చేశావు" అన్నాను.

ఆమె తలూపింది, నేనూ తలూపాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరం పుస్తకంలా చదవగలిగినవాళ్లం, ఇద్దరం చదవనట్టు నిలబడ్డాం. నా చొక్కా గుండీ సరిచేయబోయింది, చెయ్యి వెనక్కి తీసుకుంది. మనసులో మెత్తదనం ఉండటం తప్పా ఏమిటి, తప్పు కాదు, ఆమె స్థానంలో నేనున్నా ఏం చేసేవాణ్నో, ఆమె చేయి అలా ఊగుతుంటే నేను మూడు రాణులు తిప్పగలిగేవాణ్నా? ఏమో. తిప్పేవాణ్నేమో. కోపం రావాలి, రాలేదు, వచ్చి ఉంటే బాగుండేది. ఇక ముందు ప్రతి పందేనికీ ఇదే తంటా, ఎవరు పడేసినా నా ముక్కలకి పడేశారా నా చేతికి పడేశారా అని చూసుకుంటూ కూర్చోవాలి, బక్‌కి కూడా ఎల్లకాలం తెలియకుండా ఉంటుందా, తెలిశాక బల్లంతా నా ముందు చర్చిలో కూర్చున్నట్టే కూర్చుంటుంది. "పద, టైమైంది" అంది వెల్డా. నువ్వు వెళ్లు, వస్తాను అన్నాను.

వెళ్లలేదు. మా బల్ల తాడు కట్టిన చోటికి దగ్గరే, తాడుకి ఇవతల, చూడవచ్చిన పెళ్లాలూ మనవలూ నిలబడే చోట నిలబడ్డాను. మనిషి లేకపోతే ఆట ఆగదు మాలో, చిప్సు తీసి పక్కన పెట్టరు, ఖాళీ కుర్చీకి కూడా రెండు ముక్కలు పంచుతారు, వంతు వస్తే వెనక్కి లాక్కుంటారు, ముక్కలు చూడకముందే కట్టాల్సిన పందెం కుర్చీ వంతుకి వచ్చినప్పుడు డీలరే దాని కుప్పలోంచి తీసి ముందుకు పెడుతుంది, అలా కొంచెం కొంచెం తరిగి చివరికి అయిపోతుంది. ఇదివరకు ఇలాంటి కుర్చీల పందేలు ఎన్ని కొట్టుకున్నానో, ఒక్కసారీ ఆ మనిషి ఎక్కడ నిలబడి చూస్తున్నాడా అనుకోలేదు. నా వంకర కుప్ప నా కుర్చీ ముందు కూర్చుని నేను లేకుండానే ఆడుతోంది. మై నా నట్టుని పక్కకి జరిపి, నా చిప్సు కాసిని తీసి, నా కుర్చీ తరఫున పందెం కట్టింది. రెండు ముక్కలు అందరికీ జారాయి, నా చోటుకీ జారాయి. అటువైపువాళ్లు ఒకరి తర్వాత ఒకరు పడేశారు. వెల్డా వంతు. ఆమె నా కుర్చీకేసి చూసింది, తలుపుకేసి చూసింది, ముసలి మొహాలన్నీ వెతికి తాడు వెనక నన్ను పట్టుకుంది. చాలాసేపు చూసింది. నేను చేయి జేబులో పెట్టుకోలేదు, తాడు మీదే ఉంచాను, తాడు కూడా దానితో పాటు ఊగుతోంది. ఆమెకి అర్థమైంది, ఎందుకు రాలేదో, ఇక రాననీ, అంతా, మొహం ముడుచుకుపోయింది, ఏడుస్తుందేమోననుకున్నాను. ముక్కు ఎగబీల్చి, రెండు చేతుల నిండా చిప్సు తీసి బల్ల మధ్యలో పెట్టింది. పెంచింది, మామూలుగా కాదు, దండిగా.

"ఖాళీ కుర్చీ పందెం కోసం ఇంతా? చచ్చినోడి జేబు కొట్టినట్టుంది తల్లీ" అన్నాడు బక్, ముక్కలు విసిరేస్తూ. "పోనీ డెల్‌ని రానీరాదా?"

"రాకపోవడం ఆయనిష్టం. వచ్చి ఉంటే ఆయన మీదా ఇంతే పెంచేదాన్ని" అంది, గట్టిగా, తాడుదాకా వినపడేలా.

మిగతావాళ్లూ పడేశారు. మై నా కుర్చీ ముందున్న ముక్కలు వెనక్కి లాక్కుని, నా పందెం ఆమె వైపు తోసింది. అప్పుడు చూశాను ఆమె ముక్కలకేసి. ఇత్తడి తొడుగు వాటి మీద ఓ మూలకి ఒరిగి, అంచు మీదనుంచి ఇప్పుడో అప్పుడో పడేలా ఉంది. ఏమీ లేదు ఆమె దగ్గర, ఉత్త చెత్తతోనే నా తోలు వలిచింది.